గణిత పేపర్లు: వెతకడం వేరు, అంచనా వేయడం వేరు, చేతికి రావడం వేరు

విశ్వవిద్యాలయ లైబ్రరీ వెబ్‌సైట్ తెరవగానే పైన ఒక పెద్ద సెర్చ్ బాక్స్ కనిపిస్తుంది. పరిశోధనలో కొత్తగా చేరినవాళ్లు తమ అంశాన్ని అందులోనే టైప్ చేస్తారు. గణితంలో ఆ పద్ధతి చాలాసార్లు బెడిసికొడుతుంది. రింగ్, ఫీల్డ్, గ్రూప్, కెర్నల్, నార్మల్, రెగ్యులర్ లాంటి మాటలు మిగతా శాస్త్రాలూ వాడేవే. ఫీల్డ్ అని కొడితే పంట పొలాల మీద వ్యాసాలు, విద్యుదయస్కాంత క్షేత్రాల మీద వ్యాసాలు, సామాజిక శాస్త్రాల ఫీల్డ్ వర్క్ నివేదికలు కలగాపులగంగా వచ్చి పడతాయి. కొన్ని పేజీలు తిరగేస్తే ఎక్కడో ఒక పనికొచ్చే శీర్షిక తగులుతుంది. దాన్ని నొక్కితే డబ్బు కట్టమంటూ ప్రచురణ సంస్థ పేజీ తెరుచుకుంటుంది. మా లైబ్రరీలో ఇది లేదు కాబోలు అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి ఆ పేపర్ లైబ్రరీ చందాలో ఉండే అవకాశం బాగా ఎక్కువ.

ఇక్కడ మూడు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నా అంశం మీద ఏమేం రాశారు అనేది మొదటిది. వాటిలో దేన్ని నమ్మాలి, ఏది చదవదగ్గది అనేది రెండోది. ఆ పేపర్ పీడీఎఫ్ నా చేతికి ఎలా వస్తుంది అనేది మూడోది. లైబ్రరీ ఈ మూడింటికీ వేర్వేరు సాధనాలు కొని పెడుతుంది, కానీ అన్నింటికీ ఒకే లాగిన్ పేజీ ఉండటంతో అవన్నీ ఒకటే అనిపిస్తాయి. ఏ పనికి ఏ సాధనమో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు ఆ పెద్ద బాక్స్ సంగతి. లైబ్రరీ కొన్న పుస్తకాలు, చందా కట్టిన జర్నల్స్, ఈ-పుస్తకాలు అన్నింటి వివరాలనూ అది ఒకేచోట వెతుకుతుంది. ఏ పుస్తకం కావాలో ముందే తెలిసినప్పుడు దానికి మించింది లేదు. శీర్షిక, రచయిత ఇంటిపేరు కొడితే అది ఏ అరలో ఉందో, ఆన్‌లైన్‌లో చదవొచ్చో లేదో చెప్పేస్తుంది. స్ప్రింగర్ 1964 నుంచి వేస్తున్న లెక్చర్ నోట్స్ ఇన్ మ్యాథమాటిక్స్ వరుసలాంటి వాటిని ఇలాగే పట్టుకోవాలి. అయితే ఒక అంశం మీద జరిగిన పరిశోధనంతా చూపించమంటే దాని వల్ల కాదు. గణితం లోపలి శాఖల గీతలు దానికి తెలియవు. అవి తెలిసిన డేటాబేస్‌లు రెండున్నాయి: మ్యాథ్‌సైనెట్, జెడ్‌బీమ్యాథ్. లైబ్రరీ సైట్‌లో డేటాబేస్‌ల జాబితాలోనో, గణితానికి పెట్టిన సబ్జెక్ట్ గైడ్‌లోనో వీటి లింకులు ఉంటాయి.

ఒకే పనికి రెండు డేటాబేస్‌లు ఎందుకున్నాయో తెలుసుకుంటే వాటి స్వభావం కూడా అర్థమవుతుంది. గణితంలో వస్తున్న కొత్త పేపర్లను ఒక్కొక్కటిగా సమీక్షించి ప్రచురించే సంప్రదాయం జర్మనీలో యార్‌బూఖ్ అనే వార్షిక సంపుటాలతో మొదలైంది. 1868 నుంచి వచ్చిన పేపర్లు వాటిలో ఉన్నాయి. సంపుటం బయటికి రావడానికి ఏళ్లు పడుతోందని 1931లో స్ప్రింగర్ సంస్థ సెంట్రల్‌బ్లాట్ పత్రికను ప్రారంభించింది. దాన్ని నడిపించిన సంపాదకుడు ఓటో నాయ్‌గెబావర్. 1938లో, నాజీల జాతి విధానాల నీడలో, యూదుడైన ఇటలీ గణితవేత్త తుల్లియో లెవీ-చివిటా పేరును సంపాదక మండలి నుంచి తీసేశారు. నాయ్‌గెబావర్ రాజీనామా చేసి అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అమెరికన్ మ్యాథమాటికల్ సొసైటీ అండతో 1940 జనవరిలో మ్యాథమాటికల్ రివ్యూస్ మొదలైంది. అదే 1996లో మ్యాథ్‌సైనెట్ పేరుతో ఇంటర్నెట్‌కు వచ్చింది. సెంట్రల్‌బ్లాట్ వారసత్వమే ఇవాళ్టి జెడ్‌బీమ్యాథ్. యార్‌బూఖ్ పాత సమీక్షలు కూడా అందులో కలిశాయి. కాబట్టి పంతొమ్మిదో శతాబ్దపు పేపర్ కోసమైతే అక్కడికే వెళ్లాలి. మ్యాథ్‌సైనెట్‌కు చందా ఉండాలి, దాన్ని లైబ్రరీ కడుతుంది. జెడ్‌బీమ్యాథ్ 2021 నుంచి అందరికీ ఉచితం. లైబ్రరీ లాగిన్ లేనివాళ్లు దాంతోనే చాలా దూరం వెళ్లొచ్చు.

ఈ రెండింటి బలం సమీక్షల్లో ఉంది. పేపర్‌తో పాటు వచ్చే సారాంశం రచయిత రాసుకున్నది. సమీక్ష అదే రంగంలో పనిచేసే మరొకరు రాసింది. ప్రధాన సిద్ధాంతం ఏమిటి, ముందున్న ఏ ఫలితాన్ని ఇది మెరుగుపరిచింది, ఏ పద్ధతి వాడింది అన్నవి నాలుగైదు పేరాల్లో దొరుకుతాయి. నిరూపణలో ఖాళీ ఉంటే కొందరు సమీక్షకులు ఆ సంగతి సూటిగా రాస్తారు. తర్వాత సవరణ వస్తే దాని లింకు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. నలభై పేజీల పేపర్ చదవాలా వద్దా తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. అయితే ప్రతి పేపర్‌కూ ఇలాంటి సమీక్ష రాదు, చాలావాటికి రచయిత సారాంశాన్నే పెట్టేస్తారు. కింద సమీక్షకుడి పేరుందో లేదో చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

రెండో బలం వర్గీకరణ. మ్యాథమాటిక్స్ సబ్జెక్ట్ క్లాసిఫికేషన్, పొట్టిగా ఎంఎస్‌సీ అనే ఈ పద్ధతిని రెండు డేటాబేస్‌లూ కలిసి నిర్వహిస్తాయి, ప్రస్తుతం నడుస్తున్నది 2020 సంచిక. గణితం మొత్తాన్ని 63 పెద్ద విభాగాలుగా చేసి, వాటి కింద వేలకొద్దీ చిన్న గడులు పెట్టారు. 05 అంటే కాంబినేటరిక్స్, 11 సంఖ్యా సిద్ధాంతం, 20 గ్రూప్ థియరీ, 35 పాక్షిక అవకలన సమీకరణాలు, 60 సంభావ్యత. 11 పక్కన ఎన్ అక్షరం చేరితే గుణకార సంఖ్యా సిద్ధాంతం, దాని పక్కన 05 చేరితే ప్రధాన సంఖ్యలు ఎలా పరుచుకుని ఉంటాయన్నది. ఇప్పుడు సెర్చ్‌లో వర్గీకరణ గడిలో 11ఎన్05 అని ఇచ్చి, శీర్షిక గడిలో గ్యాప్స్ అని ఒక్క మాట కొట్టి చూడండి. బ్యాంకింగ్ రంగంలో గ్యాప్‌లు, చదువుల్లో గ్యాప్‌లు అన్నీ మాయమై, ప్రధాన సంఖ్యల మధ్య ఎడం మీద రాసిన పేపర్లు మాత్రమే మిగులుతాయి. మీ అంశం కోడ్ తెలియకపోతే మీకు తెలిసిన ఒక మంచి పేపర్ తెరిచి దాని కోడ్ ఎంతో చూసుకుంటే సరిపోతుంది.

ఈ ప్రధాన సంఖ్యల ఉదాహరణనే ఇంకాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పేపర్ల జాడ పట్టుకోవడం అంటే ఏమిటో ఇందులో బాగా తెలుస్తుంది. 3, 5 లాగా, 11, 13 లాగా తేడా రెండే ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న. తేడా రెండు కాకపోయినా ఏదో ఒక స్థిరమైన హద్దు లోపల ఉండే జంటలు అనంతంగా ఉన్నాయని యీటాంగ్ జాంగ్ నిరూపించారు. ఆయన ఇచ్చిన హద్దు 7 కోట్లు. ఆ పేపర్ 2014లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో అచ్చయింది. మీ చేతిలో ఈ ఒక్క పేపర్ ఉందనుకోండి. దాని చివర ఉన్న రిఫరెన్సుల మీదుగా వెనక్కి వెళితే గోల్డ్‌స్టన్, పింట్జ్, యిల్డిరిమ్ ముగ్గురూ కలిసి రాసిన పేపర్ తగులుతుంది. 2009లో అదే జర్నల్‌లో వచ్చింది. జాంగ్ కట్టిన ఇంటికి పునాది అక్కడుంది.

ఇక ముందుకు. మ్యాథ్‌సైనెట్‌లో జాంగ్ పేపర్ పేజీ తెరిస్తే, దాన్ని ఉదహరించిన పేపర్లు ఎన్నో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కొచ్చు. అందులో 2015లో ఆనల్స్‌లోనే వచ్చిన జేమ్స్ మేనార్డ్ పేపర్ ఉంటుంది. ఆయన వేరే దారిలో వెళ్లి హద్దును 600కు దించారు. డీ. హెచ్. జే. పాలీమ్యాథ్ అనే రచయిత పేరుతో మరో పేపర్ కనిపిస్తుంది. అది ఒక మనిషి కాదు, ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసిన గణితవేత్తల బృందం పెట్టుకున్న ఉమ్మడి పేరు. వాళ్లు హద్దును 246కు తెచ్చారు. వెనక్కి వెళ్లడం ఏ కాగితం మీదైనా కుదురుతుంది. పేపర్ అచ్చయ్యాక ఏం జరిగిందో ఆ పేపర్ చెప్పలేదు కాబట్టి ముందుకు వెళ్లడానికి మాత్రం డేటాబేస్ ఉండి తీరాలి. 7 కోట్ల దగ్గరే ఆగిపోయి, దాన్ని ఎలా తగ్గించాలా అని కూర్చునే విద్యార్థికి ఆ ఒక్క క్లిక్కు ఎన్ని నెలల శ్రమ మిగులుస్తుందో ఊహించవచ్చు.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడుతుంది. గోల్డ్‌స్టన్, పింట్జ్, యిల్డిరిమ్‌ల పద్ధతిని వివరిస్తూ గణితవేత్త సౌందరరాజన్ రాసిన సర్వే వ్యాసం 2007లో అమెరికన్ మ్యాథమాటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. అసలు పేపర్ అచ్చయింది 2009లో. వివరణ ముందు, పేపర్ తర్వాత! తికమకపడాల్సిన పనిలేదు, ఆ పేపర్ ప్రీప్రింట్, అంటే అచ్చుకు ముందటి ప్రతి, 2005 నుంచే ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారంలో అందరికీ అందుబాటులో ఉంది. గణితంలో అచ్చు తేదీని చూసి ఏది ముందు, ఏది వెనక అని తేల్చకూడదు. జర్నల్‌కు పంపడానికీ అచ్చవడానికీ మధ్య రెండు మూడేళ్లు గడవడం ఇక్కడ మామూలు విషయం. పైగా కొత్త రంగంలోకి దిగేవాళ్లు ముందు చదవాల్సింది ఇలాంటి సర్వేలే. జాంగ్, మేనార్డ్‌ల పని మీద ఆండ్రూ గ్రాన్విల్ రాసిన సర్వే 2015లో అదే బులెటిన్‌లో ఉంది. మూల పేపర్ మీద నేరుగా పడి మూడో పేజీలో మునిగిపోవడం కన్నా సర్వేతో మొదలుపెట్టడం మేలని నా గట్టి నమ్మకం.

ఆర్కైవ్ గురించి విడిగా చెప్పాలి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ భౌతిక శాస్త్రవేత్తల కోసం మొదలుపెట్టిన ఈ ఉచిత భాండాగారం ఇప్పుడు గణితంలో నిత్యావసరం. పేపర్ రాసినవాళ్లు జర్నల్‌కు పంపే సమయంలోనే ఇక్కడా పెడతారు. ఇక్కడ పెట్టడానికి నిపుణుల పరిశీలన జరగదు, స్థూలంగా చూసి అంశానికి తగిందా అని మాత్రమే చూస్తారు. అలాగని ఆర్కైవ్‌లో ఉన్నదంతా రెండో రకం సరుకు అనుకోవడానికీ లేదు. పాయిన్‌కరే ఊహను నిరూపించిన గ్రిగరీ పెరెల్మాన్ మూడు పేపర్లూ 2002, 2003 సంవత్సరాల్లో ఆర్కైవ్‌లోనే వచ్చాయి, ఆయన వాటిని ఏ జర్నల్‌కూ పంపలేదు. వాటిని మిగతావాళ్లు ఏళ్లపాటు పరిశీలించి సరైనవని తేల్చారు. అంటే పరిశీలన జరిగింది, కాకపోతే జర్నల్ బయట జరిగింది.

ఆర్కైవ్ వాడేటప్పుడు వెర్షన్ నంబరు మీద కన్నేసి ఉంచాలి. ఒకే పేపర్ వీ1, వీ2, వీ3 అంటూ మారుతూ పోతుంది. మొదటి వెర్షన్‌లో సిద్ధాంతం 1.2గా ఉన్నది అచ్చు ప్రతిలో 1.4 కావచ్చు, ఒక షరతు కొత్తగా చేరవచ్చు, ఒక లెమ్మా (నిరూపణలో వాడే చిన్న సహాయక ఫలితం) పూర్తిగా ఎగిరిపోవచ్చు. మీ థీసిస్‌లో "సిద్ధాంతం 1.2 ప్రకారం" అని రాస్తే ఏ ప్రతిలోని 1.2 అన్నది కూడా రాయాలి. ఆర్కైవ్ పేజీలో కామెంట్స్ అనే వరుసలో ఏ వెర్షన్‌లో ఏ తప్పు దిద్దారో రచయితలు తరచూ చెబుతారు. పేపర్‌ను వెనక్కి తీసుకుంటే ఆ సంగతీ అక్కడే ఉంటుంది. ఆ వరుస చదవకుండా పీడీఎఫ్ దించుకోవడం అలవాటైపోయిన వాళ్లు ఎక్కువ. దయచేసి ఆ ఒక్క వరుస చదవండి.

ఇప్పుడు మూడో పని, పీడీఎఫ్ చేతికి రావడం. క్యాంపస్‌లో కూర్చుని నొక్కితే తెరుచుకున్న పేపర్ ఇంట్లో నొక్కితే డబ్బు అడుగుతుంది. ప్రచురణ సంస్థ మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టదు, మీ కంప్యూటర్ ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చిందో చూస్తుంది. క్యాంపస్ నెట్‌వర్క్ చిరునామా దాని జాబితాలో ఉంటుంది, ఇంటిది ఉండదు. అందుకే లైబ్రరీ ప్రాక్సీ ఏర్పాటు చేస్తుంది. లైబ్రరీ సైట్‌లోని లింకు ద్వారా వెళితే ముందు విశ్వవిద్యాలయ లాగిన్ అడుగుతుంది, ఆ తర్వాత మీ అభ్యర్థన క్యాంపస్ నుంచే వచ్చినట్టు ప్రచురణ సంస్థకు చేరుతుంది. వీపీఎన్ చేసే పని కూడా ఇంచుమించు ఇదే. కొన్ని సంస్థల పేజీలో "మీ సంస్థ ద్వారా లాగిన్" అనే బటన్ ఉంటుంది, అక్కడ విశ్వవిద్యాలయం పేరు ఎంచుకోవాలి. మామూలు సెర్చ్ ఇంజిన్ నుంచి నేరుగా ప్రచురణ సంస్థ పేజీకి వెళ్లినప్పుడు ఇవేవీ పనిచేయవు కాబట్టే ఆ డబ్బుల పేజీ ఎదురవుతుంది. గూగుల్ స్కాలర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ దగ్గర తమ విశ్వవిద్యాలయాన్ని ఒకసారి చేర్చుకుంటే, చందా ఉన్న పేపర్ల పక్కన లైబ్రరీ లింకు దానంతటదే కనిపిస్తుంది. సొంత డబ్బుతో పేపర్ కొనే పరిస్థితి విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లకు దాదాపు రాదు.

ఒక జర్నల్ మొత్తం ఒకేచోట ఉంటుందనుకోవడం ఇంకో చిక్కు. పాత సంచికలు జేస్టోర్ అనే డిజిటల్ భాండాగారంలో ఉండి, కొత్తవి ప్రచురణ సంస్థ సైట్‌లోనో, గణిత జర్నల్స్ ఉండే ప్రాజెక్ట్ యూక్లిడ్ సైట్‌లోనో ఉండొచ్చు. జేస్టోర్‌లో చాలా జర్నల్స్‌కు మూడు నుంచి ఐదేళ్ల కదిలే గోడ ఉంటుంది, అంటే అంతకన్నా కొత్త సంచికలు అక్కడ కనబడవు. ఏ సంవత్సరాలు ఎక్కడున్నాయో లైబ్రరీలోని జర్నల్స్ జాబితా చెబుతుంది, కాబట్టి వెతకాల్సింది పేపర్ పేరుతో కాదు, జర్నల్ పేరుతో. గణితానికి ఉన్న గొప్ప వరం ఉచిత పాత భాండాగారాలు. ఫ్రెంచ్ జర్నల్స్, పారిస్‌లో జరిగే బూర్బాకీ సెమినార్ ప్రసంగాలు నుమ్‌డామ్ సైట్‌లో ఉన్నాయి. రష్యన్ జర్నల్స్‌కు మ్యాథ్-నెట్.రు ఉంది. పాత జర్మన్ జర్నల్స్ చాలావాటిని గ్యోటింగెన్ డిజిటలీకరణ కేంద్రం పెట్టింది. ఇక్కడ పాతవి పాతబడవు. 1930లో నిరూపించిన సిద్ధాంతం ఇవాళ్టికీ సిద్ధాంతమే, నిన్నటి పేపర్ దాన్నే ఉదహరిస్తుంది. మిగతా శాస్త్రాల్లో పదేళ్ల లోపు పేపర్లు చూస్తే చాలంటారు. ఆ సలహా గణితంలో పనికిరాదు.

పాత పేపర్ల దగ్గర మాత్రం పేర్లు, సంఖ్యలు ఇబ్బంది పెడతాయి. రిఫరెన్సుల్లో జర్నల్ పేర్లను కుదించి రాస్తారు. ఆన్. ఆఫ్ మ్యాథ్. అంటే అమెరికాలో 1884లో మొదలైన ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్. మ్యాథ్. ఆన్. అంటే జర్మనీలో 1868లో మొదలైన మ్యాథమాటిషే అనాలెన్. రెండు ముక్కలు అటూ ఇటూ అయ్యేసరికి జర్నలే మారిపోయింది. ఆన్. ఆఫ్ మ్యాథ్. పక్కన బ్రాకెట్లో (2) అని ఉంటే అది సంచిక సంఖ్య కాదు, రెండో శ్రేణి అని అర్థం. శ్రేణి మారినప్పుడు సంపుటి సంఖ్యలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి దాన్ని వదిలేస్తే తప్పు సంపుటిలో వెతుకుతారు. క్రెల్లె జర్నల్ అని అందరూ పిలిచేదాని అసలు పేరులో క్రెల్లె అన్న మాటే లేదు, అది 1826లో దాన్ని స్థాపించినాయన పేరు. ఈ కుదింపుల పూర్తి పేర్లు మ్యాథ్‌సైనెట్ జర్నల్ సెర్చ్‌లో దొరుకుతాయి.

రష్యన్ జర్నల్స్‌ది ఇంకో కథ. చాలావాటికి మొత్తానికి మొత్తం ఇంగ్లిష్ అనువాదాలు వేరే పేరుతో వస్తాయి. ఉస్పేఖి అనే జర్నల్ ఇంగ్లిష్‌లో రష్యన్ మ్యాథమాటికల్ సర్వేస్. ఒకే పేపర్‌కు రెండు జర్నల్ పేర్లు, రెండు రకాల పేజీ సంఖ్యలు, కొన్నిసార్లు రెండు వేర్వేరు సంవత్సరాలు. మీ దగ్గరున్న రిఫరెన్సు ఏ ప్రతిదో తేల్చుకోకుండా వెతికితే ఉన్న పేపర్ లేదనిపిస్తుంది. వ్యక్తుల పేర్లూ అంతే. చెబిషెవ్ పేరును ఫ్రెంచ్ వాళ్లు ఒకలా, జర్మన్లు ఒకలా, ఇంగ్లిష్ వాళ్లు మరోలా రాశారు. డేటాబేస్‌లు ఒక్కో రచయితకు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి ఈ రూపాలన్నింటినీ దాని కింద చేర్చాయి. పేరుతో కాకుండా రచయిత పేజీ ద్వారా వెళ్లడం అందుకే భద్రం. ఒకే పేరున్న పదిమందిని విడదీయడానికీ అదే దారి.

సూత్రాలను వెతకడం ఇంకా కష్టమైన పనే. ఒకే సమీకరణాన్ని ఒకరు ఎక్స్‌తో, ఒకరు టీతో రాస్తారు, సెర్చ్ ఇంజిన్ రెండింటినీ వేరుగా చూస్తుంది. జెడ్‌బీమ్యాథ్‌లో సూత్రాల సెర్చ్ ఉంది కానీ దాని మీదే ఆధారపడితే కష్టం. మీ సమస్యలో పూర్ణాంకాల వరుస ఏదైనా వస్తే మాత్రం చక్కని దారి ఒకటుంది. నీల్ స్లోన్ 1964లో సేకరించడం మొదలుపెట్టిన పూర్ణాంకాల వరుసల విజ్ఞాన సర్వస్వం ఓఈఐఎస్ పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. 1, 2, 5, 14, 42 అని కొడితే అవి కాటలాన్ సంఖ్యలని, ఎక్కడెక్కడ వస్తాయని, ఏ పేపర్లలో ఉన్నాయని చెబుతుంది. మీ అంశానికి ఇతరులు ఏ పేరు పెట్టుకున్నారో తెలియనప్పుడు, మీ దగ్గరున్న అంకెలే ఆ పేరు దాకా తీసుకెళ్తాయి.

ఇన్ని చేసినా దొరకని పేపర్లు కొన్ని ఉంటాయి. చిన్న సమావేశపు సంపుటం, ఎప్పుడో ఆగిపోయిన జర్నల్, డిజిటలీకరణ జరగని థీసిస్. వీటికి ఇంటర్‌లైబ్రరీ లోన్ ఉంది. మీ లైబ్రరీ ఇంకో లైబ్రరీని అడిగి స్కాన్ తెప్పిస్తుంది. ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థికి ఇది ఉచితం, అయినా ఈ సేవ ఉందని తెలియనివాళ్లే ఎక్కువ. ఫారంలో పేపర్ శీర్షిక ఒక్కటే రాసి వదిలేయకండి. జర్నల్ పూర్తి పేరు, శ్రేణి ఉంటే శ్రేణి, సంపుటి, సంవత్సరం, పేజీలు, డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) ఉంటే అది, మ్యాథ్‌సైనెట్ ఇచ్చే ఎంఆర్ నంబరు రాయండి. అనువాదం సరిపోతుందా, మూల భాషలోనే కావాలా అన్నది కూడా చెప్పండి. ఇవన్నీ ఉంటే అవతలి లైబ్రేరియన్ నేరుగా సరైన అర దగ్గరికి వెళతారు. లేకపోతే మ్యాథ్. ఆన్. అడిగితే ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్ పేజీల స్కాన్ వస్తుంది, మళ్లీ అభ్యర్థన పెట్టి మరో వారం ఎదురుచూడాలి.